పెద్దాయన చల్లబడ్డాడు

ఆ తెల్లవారుజామున ఆకాశం వాన కురవాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. పడమటన మబ్బు తడిసిన బూడిద కుప్పలా కూలబడి ఉంది. తూర్పున మాత్రం చారెడంత ఎరుపు. పెరట్లో పళ్ళు తోముకుంటున్న కొలిమాయన ఆ ఎరుపు వంక చూసి, ఆరువందల యాభై డిగ్రీలుంటుంది అనుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా కొలిమి కిటికీలోంచి నిప్పు రంగు చూసి వేడి చెప్పే మనిషికి సూర్యుడు కూడా అలాగే కనిపిస్తాడు. అతన్ని ల్యాబులోనూ వీధిలోనూ కొలిమాయన అనే పిలుస్తారు. అసలు పేరు అతని భార్యకు కూడా కాస్త ఆలోచిస్తే గానీ గుర్తురాదు.

ఆ రోజు అతని పని మూడు ముక్కల్లో ఉంది. ఏడింటికి కొలిమి తెరవాలి. లోపలున్న పలకను సన్నటి కడ్డీలుగా కోయించాలి. పదకొండింటికి వాటిని నలుగురి ముందూ విరగ్గొట్టాలి. తగినంత బరువు మోసి, మిషన్ తెరమీది గీత దాటాక విరిగితే కొలిమి ఉంటుంది. పోయినసారిలా గీతకు ముందే విరిగితే, కొలిమిని విప్పి పాత సామాను గదిలో పడేస్తామని, అతన్ని స్టోరు రిజిస్టరు రాసుకోవడానికి పంపుతామని ల్యాబు మేడం మొహమాటం లేకుండా చెప్పింది. ఆ మాట అతను ఇంట్లో చెప్పలేదు. నిప్పు ముందు తప్ప అతనికి ఎక్కడా కుదురుగా కూర్చోవడం చేతకాదని ఇంట్లోవాళ్ళకు తెలుసు.

వాళ్ళు చేసేది వింటే ఎవరికైనా నమ్మబుద్ధి కాదు. వెంట్రుకకన్నా సన్నటి నల్లదారాలతో నేసిన గుడ్డ ఉంటుంది. దాన్ని ఒక పాకంలో నానబెడతారు. ఆ పాకం తేనె రంగులో ఉంటుంది, తేనెలాగే జారుతుంది. మేడం దాన్ని పాలిమర్ అంటుంది, మిగిలినవాళ్ళంతా పాకం అంటారు. ఆ గుడ్డను పొరమీద పొర పేర్చి, అదిమి, గట్టిపడ్డాక గాలి చొరబడని కొలిమిలో వెయ్యి డిగ్రీల దాకా కాలుస్తారు. కరిగిపోవాల్సిన పాకం అక్కడ రాయవుతుంది. అయితే రాయయ్యేటప్పుడు ముడుచుకుని, ఒళ్ళంతా సన్నటి చిల్లులు పడుతుంది. ఆ చిల్లుల్లోకి మళ్ళీ పాకం, మళ్ళీ నిప్పు. అలా ఏడు తడులు. మొదటి తడికి పలకను వేలితో తడితే చెక్క చప్పుడు, ఏడో తడికి గంట చప్పుడు. తొమ్మిదేళ్ళలో కొలిమాయనకు అన్నీ అలవాటయ్యాయి గానీ ఆ ఒక్కటీ అలవాటు కాలేదు. పాకం పోసి మూసిన తలుపు తీసినప్పుడు లోపల రాయి కనబడితే, ఇప్పటికీ అతని అరచేతులు చెమర్చుతాయి.

కొలిమి పాతది. తొందరగా వేడెక్కదు, ఎక్కితే తొందరగా దిగదు, మధ్యలో దగ్గుతుంది. అందుకే ల్యాబులో అందరూ దాన్ని "పెద్దాయన" అంటారు. వేడి దిగకముందే తలుపు తీస్తే గాలి తగిలి, లోపలున్న నల్లదారాలు బూడిదవుతాయి. ఆ భయంతోనే అతను పుక్కిలించి ఉమ్మి, ల్యాబు వరండాలో రాత్రి కాపలా ఉన్న విరుపు మాస్టారికి ఫోన్ చేశాడు. వస్తువులను మిషన్‌మీద పెట్టి విరగ్గొట్టడమే ఆయన ఉద్యోగం గనుక ఆయనకు ఆ పేరు.

"మాస్టారూ, పెద్దాయన చల్లబడ్డాడా?... ఎప్పుడు?... నాలుగింటికేనా! హమ్మయ్య, రాత్రంతా అదే బెంగ నాకు... వద్దు వద్దు, నేనొచ్చేదాకా ముట్టుకోకండి. నా చేత్తోనే బయటికి తీస్తా... ఆఁ, కొయ్యాలి కదా మరి. తొందరగా కోసేస్తే పదకొండింటికి అందరి ముందూ పని అయిపోతుంది... లేదండీ, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అంతా అయ్యాక చెబుదామని."

వంటగదిలో గిన్నె కిందపడిన చప్పుడైంది. పిల్లి కాబోలనుకుని కొలిమాయన చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ తరువాత ఇంట్లో జరిగింది అతనికి మధ్యాహ్నం గానీ తెలియలేదు. మనం అంతసేపు ఆగనక్కరలేదు. ల్యాబులో పెద్దాయన అంటే కొలిమి. ఇంట్లో పెద్దాయన అంటే అతని మామగారు. ఆయన యాభై ఏళ్ళు పెంకుల బట్టీ నడిపిన మనిషి. ఇప్పుడు కొడుకు దగ్గర, ఊరికి అటు చివర ఉంటాడు. మామా అల్లుళ్ళకు రెండేళ్ళుగా మాటల్లేవు. ఒకనాడు భోజనాల దగ్గర ఆయన, "మా అల్లుడు పాకం కాచి రాయి చేస్తాడట" అని నవ్వాడు. అల్లుడు తలెత్తకుండా, "మీ పెంకుల్లాగా పిల్లి నడిస్తే పగిలే రాయి కాదులెండి" అన్నాడు. అంతే. అప్పటినుంచి ఒకరి ఊసు ఒకరెత్తరు.

కిందపడ్డ గిన్నె అలాగే ఉంది. కొలిమాయన భార్య గోడ పట్టుకుని నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది.

"తమ్ముడూ... నాన్న పోయాడా?"

తమ్ముడు ఇంకా నిద్రమత్తులో ఉన్నాడు. "పోయాడక్కా. తెల్లారకముందే."

"నాలుగింటికేనా?"

"ఆ ప్రాంతంలోనే. నాకు చెప్పాపెట్టకుండా పోయాడు. నీకెవరు చెప్పారు?"

"బావే! ల్యాబులో ఉన్నాడటరా. కోస్తారట!"

"కోస్తారా? ఎవర్ని?"

"నాన్ననిరా!"

ఇప్పుడు నిద్రమత్తు వదిలింది. తండ్రి షికారుకు పోయాడనుకున్నవాడికి, షికారు పోయిన తండ్రి ల్యాబులో ఎందుకున్నాడో, అక్కడ ఆయన్ను ఎందుకు కోస్తున్నారో అర్థం కాలేదు. అర్థం కాకపోయినా ఏడుపు వచ్చింది. ముందు మేనత్తకు ఫోన్ చేశాడు. ఆవిడ ఇంకో ఆరుగురికి చేసింది. మొదటి ఇంటికి వార్త గుండె ఆగి పోయాడని చేరింది. మూడో ఇంటికి కొలిమి పేలిందని చేరింది. ఆఖరి ఇంటికి చేరేసరికి, మాటల్లేని అల్లుడు మామను నిప్పుల్లోకి తోసేశాడని, అందుకే కోసి చూస్తున్నారని తేలిపోయింది. పది గంటలకు ఒక వ్యాను నిండా జనం, ఒక పెద్ద పూలదండ, ఏడ్వడానికి తయారుగా ఉన్న మేనత్త బయల్దేరారు. కొలిమాయన ఫోన్ అప్పటికి పదిహేడుసార్లు మోగింది. మోగి ఏం లాభం? మిషన్లున్నచోటికి ఫోన్లు తేకూడదని ల్యాబు నియమం. గేటు దగ్గరి పెట్టెలో అది ఒంటరిగా వణుకుతూ ఉంది.

ల్యాబులో కొలిమాయన తలుపు మరలు ఒక్కొక్కటే విప్పాడు. విరుపు మాస్టారు పక్కన నిలబడి ఊపిరి బిగబట్టాడు. తలుపు తెరుచుకుంది. పలక నల్లగా, నిగనిగలాడుతూ, బావిలో నీటిమీద వెలుగు పడినట్టుంది. కొలిమాయన గోటితో తట్టాడు. ఖంగుమంది. ఆ చప్పుడు గదంతా తిరిగి వచ్చి అతని చెవిలో ఆగింది.

"ఏమంటారు మాస్టారూ?"

"నేనేమంటాను? మిషన్ అనాలి."

వజ్రపు చక్రం కింద నీళ్ళు చల్లుతూ పలకను కోయించారు. ఎనిమిది కడ్డీలు వచ్చాయి. ఒక్కొక్కటీ చిటికెన వేలంత. ఒకదాని అంచు చెదిరింది గనుక పక్కన పెట్టారు.

ఈలోగా గేటు దగ్గర ఇంకో సంగతి జరిగింది. పరీక్ష చూసి కొలిమి ఉండాలో పోవాలో తేల్చడానికి పై ఆఫీసు నుంచి ఒక అధికారి రావాలి. ముందు రోజే మేడం గేటు కాపలావాడితో, "రేపు ఒక పెద్దాయన వస్తారు. ఎక్కువ మాట్లాడరు. విసిగించకుండా తీసుకొచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టు" అని చెప్పింది. ఎనిమిదింటికి తెల్లచొక్కా వేసుకున్న ముసలాయన ఒకడు దుమ్ముకాళ్ళతో గేటు ముందు నిలబడ్డాడు.

"పరీక్ష చూడ్డానికేనా సార్?"

"ఊఁ."

"ఎవరు పంపారు సార్?"

ముసలాయన జవాబు చెప్పలేదు. కాపలావాడికి నమ్మకం కుదిరింది. తీసుకెళ్ళి ముందు కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఫ్యాను తిప్పాడు.

పదకొండింటికి కడ్డీల పళ్ళెం పట్టుకుని పరీక్ష గదిలోకి వచ్చిన కొలిమాయనకు ముందు కుర్చీలో మామగారు కనబడ్డాడు. పళ్ళెం ఒక పక్కకు ఒరిగింది. మాస్టారు పట్టుకోకపోతే ఎనిమిది నెలల శ్రమ నేలమీద దొర్లేది.

"మీ మామని మేడం పిలిచారా? మంచి పని చేశారు," అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి. "నిన్న షికారులో నేనే చెప్పా, రేపు మీ అల్లుడి పలక విరగ్గొడుతున్నామని. ఊఁ అని ఊరుకున్నాడు."

కొలిమాయన నోరు తెరిచేలోగా మేడం దగ్గరికి వచ్చింది. "సార్‌కి గంటసేపు అంతా వివరించాను. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అన్నీ తెలిసినవారు. మీరు అనవసరంగా నోరు జారకండి."

పైనుంచి రావాల్సిన సారు కుర్చీలో తన మామ ఉన్నాడని అతనికి అప్పుడు తెలిసింది. చెబితే పరీక్ష ఆగుతుంది. చెప్పకపోతే మోసం. ఏం చెయ్యాలో తోచక మామ వైపు చూశాడు. రెండేళ్ళుగా చూపు కలపని మనిషి, ఇప్పుడు సూటిగా చూసి, కానివ్వు అన్నట్టు గడ్డం కదిపాడు.

మాస్టారు ముందు పోల్చి చూడటానికి ఒక మామూలు కడ్డీ పెట్టాడు. అది అదే పాకంతో చేసింది, లోపల దారాలు మాత్రం లేవు. రెండు ఉక్కు దూలాలమీద కడ్డీ, పైనుంచి నడిమధ్య ఒత్తే మూడో దూలం. కడ్డీ మోసే బరువు చూపే తెరమీద చుక్క నిటారుగా ఎక్కింది. ఠప్! కడ్డీ రెండుగా విరిగి ఒక ముక్క గోడకు తగిలింది. ముసలాయన తలాడించాడు. కాలిన వస్తువు అలాగే విరుగుతుంది, ఆయనకు తెలియనిది కాదు.

తరువాత అసలు కడ్డీ పెట్టారు. చుక్క కదిలింది. యాభై. తొంభై. తెరమీద ఎర్రగీత మూడువందల దగ్గర ఉంది. పోయినసారి రెండువందల అరవై దగ్గరే అంతా అయిపోయింది.

నూటయాభై దగ్గర గేటు వైపునుంచి ఒక కేక వినిపించింది. కేక పెరిగి పెద్దదై, వరండా దాటి, పరీక్ష గది తలుపును తోసుకుని లోపలికి వచ్చింది. ముందు భార్య, వెనక బావమరిది, ఆ వెనక మేనత్త, వాళ్ళ వెనక జనం. జనం మధ్యలో కోటు వేసుకున్న ఒకాయన పూలదండ పట్టుకుని ఉన్నాడు. ఆయన కారు దిగిన మరుక్షణం ఎవరో ఆ దండ ఆయన చేతికిచ్చారు. మేనత్త ఆయన భుజంమీద తలపెట్టి ఏడ్చింది. ఆయన కూడా ఏమీ అనలేదు.

"ఏవండీ! ఎక్కడ పెట్టారు?" భార్య అతని చొక్కా పట్టుకుంది. "కోసేశారా?"

కొలిమాయన కళ్ళు తెరమీదున్నాయి. "ఆఁ, కోసేశాం. ఎనిమిది ముక్కలు."

"ఎనిమిదా!"

"ఒకటి పాడైంది. ఏడు బాగానే వచ్చాయి."

బావమరిది గోడకు ఆనుకుని జారిపోయాడు. మేనత్త "అన్నయ్యా!" అని రాగం ఎత్తుకోబోయింది.

"ష్‌!" అన్నాడు ముందు కుర్చీలో మనిషి, వెనక్కి తిరక్కుండానే. "నోళ్ళు మూసుకోండి. చూడనివ్వండి."

ఆ గొంతు ఎవరిదో గదిలో సగం మందికి తెలుసు. ఎత్తిన రాగం మేనత్త గొంతులోనే ఆగింది. భార్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్వాలో నవ్వాలో తిట్టాలో ఎవరికీ తెలియలేదు. ఆయన చూస్తున్నవైపే అందరూ చూశారు.

రెండువందల నలభై. రెండువందల అరవై. కొలిమాయన గోళ్ళు అరచేతుల్లో దిగాయి. టిక్ అని ఒక చిన్న చప్పుడు. ఎండుపుల్ల విరిగితే వచ్చేంత చప్పుడు. చుక్క కాస్త తడబడింది. తడబడి, ఆగి, మళ్ళీ ఎక్కింది. రెండువందల తొంభై. టిక్, టిక్. కడ్డీ కింది అంచున వెంట్రుకంత పగులు కనబడింది. పగులుతోనే అది భారం మోస్తోంది. మూడువందలు. చుక్క ఎర్రగీత దాటి, మూడువందల నలభై దాకా పోయింది. అక్కడినుంచి కూలలేదు. బాగా అలిసిన మనిషి గట్టుమీద నెమ్మదిగా కూర్చున్నట్టు మెట్టు మెట్టుగా దిగింది. కడ్డీ వంగింది గానీ రెండు కాలేదు.

గదిలో ముప్ఫై మంది ఉన్నారు. తెరమీద అంకెలు చాలామందికి అర్థం కాలేదు. ఆ కడ్డీ ఎందుకు విడిపోలేదో అంతకన్నా అర్థం కాలేదు. అయినా అందరి మెడలూ ముందుకు సాగి ఉన్నాయి.

ముసలాయన లేచాడు. మాస్టారు కడ్డీ తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన పగులుమీద బొటనవేలు నడిపాడు. పగులు లోపల సన్నటి నల్లదారాలు తెగీ తెగక ఇటూ అటూ పట్టుకుని ఉన్నాయి.

"యాభై ఏళ్ళు నిప్పు ముందు కూర్చున్నాను," అన్నాడు మెల్లగా. "నేను కాల్చింది ఏదైనా పగిలిందంటే ఇక రెండే. ఇది పగిలింది. పగిలి కూడా ఒకటిగానే ఉంది." ఆగాడు. "ఆ కొలిమి ఆపకండి."

మేడం గబగబా కాగితం తెచ్చింది. "చాలా సంతోషం సార్. ఇక్కడ సంతకం చెయ్యండి."

"నా సంతకమెందుకమ్మా? నేను ఇతని మామని."

మేడం చేతిలో కలం ఆగిపోయింది. "మరి... పై ఆఫీసు నుంచి...?"

పూలదండ పట్టుకున్నాయన బడిపిల్లవాడిలా చెయ్యెత్తాడు. "నేనండీ. వచ్చినప్పటినుంచీ చెబుదామనే చూస్తున్నాను. దుఃఖంలో ఉన్నవాళ్ళ మధ్య నోరు తెరవడం బాగుండదని ఆగాను." దండ వైపు ఒకసారి చూసుకున్నాడు. "ఇంతకీ పోయింది ఎవరు?"

"వీరే," అంది కొలిమాయన భార్య తండ్రిని చూపించి.

అప్పుడు అందరికీ ఒకేసారి మాటలొచ్చాయి.

"చల్లబడ్డాడని ఫోన్‌లో మీరే అన్నారు కదండీ! నా చెవులారా విన్నాను. పైగా హమ్మయ్య అని కూడా అన్నారు!"

"పెద్దాయన అంటే కొలిమే!"

"కొలిమిని పట్టుకుని పెద్దాయన అని ఎవరైనా అంటారా?"

"మేమంటామమ్మా," అన్నాడు మాస్టారు. "వేడెక్కితే ఒక పట్టాన దిగడు."

"పోయాడని చెప్పినవాడివి నువ్వేరా," అని అక్క తమ్ముడి మీద పడింది.

"పోయాడనే కదక్కా అన్నాను? చచ్చిపోయాడని అన్నానా?"

"బతికుండి కూడా ఇంతమందిని ఏడిపిస్తావా అన్నయ్యా?" అని మేనత్త నిలదీసింది. అంతదూరం వచ్చింది ఏడ్వడానికి గనుక, కారణం పోయినా ఆవిడ కొంచెం ఏడ్చింది.

కోటాయన దండను బల్లమీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మిగిలినవి కూడా విరగ్గొట్టండి. ఒక్కదాన్ని చూసి సంతకం చెయ్యను," అన్నాడు.

ఇంకా ఆరు కడ్డీలు విరగ్గొట్టారు. సంతాపానికి వచ్చినవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. అన్నీ గీత దాటాయి. ఒకటి మూడువందల మూడు దగ్గర ఆగి అందరి ప్రాణాలూ తోడేసింది. ఆఖరిదాని తరువాత కోటాయన కలం తీశాడు. కాగితంమీద కలం గీసిన చప్పుడు గదంతా వినబడింది. కొలిమాయన తల దించుకుని తన అరచేతులు చూసుకున్నాడు. గోళ్ళ గుర్తులు ఇంకా అలాగే ఉన్నాయి.

"నా పేరు దానికి పెట్టావా?" అన్నాడు మామగారు పక్కకొచ్చి. రెండేళ్ళ తరువాత మొదటి మాట.

"నేను చేరకముందు నుంచీ ఉన్న పేరే మామయ్యగారూ."

"చూపించు."

ఇద్దరూ కొలిమి గదికి వెళ్ళారు. ముసలాయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు ఎంత మందమో జానతో కొలిచాడు. లోపలికి తొంగి, ఖాళీగా ఉన్న నల్లటి గుహను చాలాసేపు చూశాడు. పాకం పోసినచోట రాయి పుట్టే తావు అదేనా అన్నట్టు చూశాడు. ఆ చూపును అల్లుడు ఎరుగును. చివరికి ముసలాయన అరచెయ్యి ఇటుకలమీద ఆనించాడు.

"చల్లబడ్డాడని ఎవరన్నారు? ఇంకా గోరువెచ్చగానే ఉన్నాడు," అన్నాడు.

మధ్యాహ్నం ల్యాబు క్యాంటీన్‌లో పొడుగు బల్లకు అటూ ఇటూ అందరూ కూర్చున్నారు. వ్యానులో వచ్చినవాళ్ళు, మేడం, మాస్టారు, కోటాయన, గేటు కాపలావాడు. మామగారు నడుమ, ఆయన పక్కన అల్లుడు. బయట వాన మొదలైంది. వడ్డించేవాడు అటూ ఇటూ తిరుగుతున్నాడు. మామగారు తన పళ్ళెంలోది సగం తీసి అల్లుడి పళ్ళెంలో వేశాడు. అల్లుడు వద్దనలేదు. భార్య అది చూసి తల దించుకుని తింటోంది. చెంచాలు పళ్ళేలకు తగిలి చప్పుడు చేస్తున్నాయి. పోయిన మనిషి గురించి చెప్పడానికి అందరూ తలా నాలుగు మంచి మాటలు సిద్ధం చేసుకుని వచ్చారు గానీ, ఎదురుగా కూర్చుని తింటున్న మనిషితో చెప్పదగ్గది వాటిలో ఒక్కటీ లేకపోయింది.